ఐకిడో క్లాసులో టెక్నిక్‌కు పదును పెట్టడం: చెయ్యి తగిలిన క్షణం నుంచి నేల దాకా

జపాన్ యుద్ధకళ ఐకిడోలో మామూలుగా పోటీలు ఉండవు. టోమికి కెంజి మొదలుపెట్టిన శాఖను పక్కన పెడితే, ఉయెషిబా మొరిహెయ్ (1883–1969) నేర్పిన ఈ విద్యను చాలా దోజోల్లో (సాధనశాలల్లో) గెలుపోటములు లేకుండానే సాధన చేస్తారు. ఇద్దరు జతగా నిలబడి వంతులవారీగా ఒకరు పడేస్తారు, ఇంకొకరు పడతారు. ఇందులో ఒక చిక్కుంది. మీరు టెక్నిక్ తప్పుగా చేసినా ఎదుటివాళ్లు పడిపోతారు. జూడోలో పట్టు కుదరకపోతే అవతలి మనిషి నిలబడే ఉంటాడు, తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఐకిడోలో అదే తప్పును ఏళ్ల తరబడి నున్నగా, అందంగా చేసుకుంటూ పోవచ్చు. అందుకే తప్పు బయటపడే ఏర్పాటు ప్రతి విడతలోనూ మనమే చేసుకోవాలి. ఎలా చేసుకోవాలో, ఏ టెక్నిక్‌లో ఎక్కడ చూసుకోవాలో ఇక్కడ వివరంగా చెబుతున్నాం. క్లాసుకు వెళ్లడం మొదలుపెట్టి కొన్ని నెలలై, ముందుకూ వెనక్కీ ఉకేమి (దెబ్బ తగలకుండా పడటం) చేయగలిగినవాళ్ల కోసం ఇది.

టెక్నిక్ చేసే మనిషిని ఇక్కడ టోరీ అంటున్నాం, కొన్ని దోజోల్లో నగే అంటారు. దాడి చేసి పడే మనిషి ఉకే.

మ్యాట్ ఎక్కే ముందు

చేతి గోళ్లూ కాలి గోళ్లూ కత్తిరించుకోండి. ఉంగరం, దారం, వాచీ, గాజులు, చెవి రింగులు తీసేయండి. కాశీదారం కూడా ఎదుటివాళ్ల వేలికి చుట్టుకుంటుంది. క్లాసు మొదలయ్యే పది నిమిషాల ముందే వచ్చి, మ్యాట్ ముక్కల అతుకులు సరిగ్గా కూర్చున్నాయో లేదో చేత్తో తడిమి చూడండి. మన ఊళ్లలో చాలాచోట్ల అద్దె హాల్లో పరిచే ముక్కల మ్యాట్లే ఉంటాయి. అతుకు లేచిన చోట కాలి బొటనవేలు ఇరుక్కుంటే గోరు ఊడివస్తుంది. మ్యాట్ మందం 40 మిల్లీమీటర్లు ఉంటే ధైర్యంగా పడొచ్చు. 20 మిల్లీమీటర్లదైతే ఆ రోజు ఎత్తు నుంచి పడే ఉకేమి జోలికి వెళ్లొద్దు, దొర్లడం వరకే.

సెయిజా అంటే మనకు తెలిసిన వజ్రాసనం లాంటిదే. కాకపోతే అక్కడ చూపంతా ప్రాణాయామం మీద కాకుండా లేవడం మీద ఉండాలి. కాలి వేళ్లు మడిచి మడమల మీద కూర్చుంటే అది కిజా, అక్కడి నుంచి మోకాళ్ల మీద నడిస్తే షిక్కో. బాసింపట్టు వేసి కూర్చునే అలవాటు ఉన్నవాళ్లకు తుంటి బాగానే వంగుతుంది గానీ, చీలమండలూ కాలి వేళ్లూ మొదట్లో మొరాయిస్తాయి. ఇంట్లో రోజుకు రెండు నిమిషాలు కిజాలో కూర్చుంటే కొన్ని వారాల్లో దారికొస్తాయి. మోకాలి చిప్ప పక్కన సన్నటి పోటు వస్తే మాత్రం షిక్కో ఆపేసి, ఆ సంగతి సెన్సేయ్‌కు, అంటే గురువుకు చెప్పండి. ఓర్చుకుంటే సర్దుకునే నొప్పి కాదది.

చూపించేటప్పుడు ఏం చూడాలి

సెన్సేయ్ ఒక టెక్నిక్‌ను సాధారణంగా నాలుగైదుసార్లు చూపిస్తారు, కుడి ఎడమలు మార్చి. చాలామంది అన్నిసార్లూ చేతుల్నే చూస్తారు. తర్వాత లేచి నిలబడితే కాళ్లు ఎటు వెయ్యాలో తెలియదు. చూపును ఇలా పంచుకోండి. మొదటిసారి పాదాలు మాత్రమే చూడండి: ముందు ఏ పాదం కదిలింది, ఉకే పాదానికి లోపలికి వెళ్లిందా, బయటికా. రెండోసారి నడుము చూడండి: ఎప్పుడు తిరిగింది, ఎత్తు మారిందా. మూడోసారి చేతులు. నాలుగోసారి టోరీని వదిలేసి ఉకేనే చూడండి. అతని మడమ ఏ క్షణంలో మ్యాట్ నుంచి లేచిందో అదే కుజుషి, అంటే నిలకడ చెదిరిన చోటు. మీరు సాధించాల్సింది ఆ క్షణాన్నే, చివర్లో వచ్చే విసురును కాదు.

తాయ్ నో హెన్కో: రోజూ చేసుకోవాల్సిన పరీక్ష

చాలా దోజోల్లో క్లాసు శరీరాన్ని తిప్పే ఈ కసరత్తుతోనే మొదలవుతుంది. ఒళ్లు వేడెక్కడానికి చేసేదే కదా అని తేలిగ్గా కానిచ్చేస్తారు. నిజానికి ఆ రోజు మీ శరీరం ఎలా ఉందో చెప్పే కసరత్తు ఇది.

మీ కుడి కాలు ముందుంది, ఉకే ఎడమ కాలు ముందుంది. అతను ఎడమ చేత్తో మీ కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఈ నిలబడే తీరును గ్యాకు హన్మి అంటారు.

1. పట్టు తగులుతుండగానే కుడి అరచెయ్యి పైకి తిప్పి, వేళ్ల కొసలు మీ బొడ్డు వైపు చూసేలా పెట్టండి. మణికట్టును ఉన్నచోటే ఉంచండి.
2. కుడి పాదాన్ని ఉకే ఎడమ పాదానికి బయటి పక్కగా, అతని బొటనవేలికి దగ్గరగా జరపండి. చెయ్యి నడుము దగ్గరికి రాకూడదు, నడుమే చెయ్యి దగ్గరికి వెళ్లాలి.
3. కుడి పాదం ముందు భాగం మీద తిరుగుతూ, ఎడమ కాలిని వెనక నుంచి తిప్పి వెయ్యండి. ఇప్పుడు ఉకే చూస్తున్న వైపే మీరూ చూస్తున్నారు. ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు.
4. రెండు చేతులూ పొట్ట ఎత్తులో ముందుకు చాచండి, అరచేతులు పైకి.

ఎక్కువగా జరిగే తప్పు చేతిని లాగడం. లాగగానే ఉకే భుజం గట్టిపడుతుంది, అతనూ లాగుతాడు, అక్కడితో బలాబలాల పరీక్ష మొదలవుతుంది. రెండోది, తిరిగాక చెయ్యి వీపు వెనక్కి వెళ్లిపోవడం. ఆగిన చోట తల తిప్పకుండా మీ కుడి చెయ్యి మీకు కనిపించకపోతే ఆ తప్పు జరిగినట్టే. మూడోది, ఉకే మీదికి ఒరగడం. పరీక్ష తేలిక: ఆగాక ఉకేను ఉన్నట్టుండి పట్టు వదిలేయమనండి. మీరు తూలితే ఇంతసేపూ అతని మీద ఆనుకుని నిలబడ్డారన్నమాట.

కుడి నాలుగు, ఎడమ నాలుగు చాలు. ఆ ఎనిమిదింటిలో ఏ పక్క మొద్దుబారి ఉందో గుర్తుపెట్టుకోండి, ఆ రోజంతా ఆ పక్కను కనిపెట్టుకుని ఉండాలి.

షోమెనుచి ఇక్కియో

షోమెనుచి అంటే నుదుటి మీదికి నేరుగా దించే దెబ్బ, ఇక్కియో అంటే మొదటి పాఠం. మొదట నేర్పినంత మాత్రాన ఇది తేలికని అనుకోవద్దు. రెండు, మూడు, నాలుగో పాఠాలైన నికియో, సంకియో, యొంకియోల ప్రవేశం ఇందులోనే ఉంది. ఇది కుదరకపోతే అవీ కుదరవు. అందుకే దీని మీద ఎక్కువసేపు ఆగుతున్నాం.

ఇద్దరి కుడి కాళ్లూ ముందున్నాయి, అంటే అయ్ హన్మి. ఇద్దరూ ముందు చెయ్యి చాస్తే మణికట్లు ఆనీ ఆననట్టు ఉండాలి, ఇదే మాయై. ఉకే ఒక అడుగు ముందుకు వేస్తేనే మీ తల అందాలి. అంతకన్నా దగ్గరైతే మీకు కదలడానికి వ్యవధి ఉండదు, దూరమైతే ఉకే గాల్లో కొడతాడు.

ఒమోతే, అంటే ముందు వైపు నుంచి చేసే పద్ధతి:

1. ఉకే కుడి చెయ్యి పైకి లేస్తుండగానే మీరు కదలాలి. అది కిందికి దిగడం మొదలుపెట్టాక కదిలితే ఆలస్యమైనట్టే. కుడి పాదాన్ని కొద్దిగా ముందుకు జార్చుతూ రెండు చేతులూ బొడ్డు దగ్గర్నుంచి పైకి లేపండి.
2. కుడి చేతి అంచు అతని మణికట్టుకు తగులుతుంది. ఎడమ అరచెయ్యి అతని మోచేతి కిందికి చేరుతుంది, మోచేతి ఎముక మొన అరచేతి మధ్యలో కూర్చునేలా. ఇంకా పట్టుకోవద్దు, ఆన్చండి చాలు.
3. మోచేతిని అతని చెవి వైపు తోయండి. ఈ క్షణంలోనే అతని భుజం లేచి, మొండెం అవతలికి తిరిగి, ఒక మడమ తేలాలి.
4. ఎడమ కాలు అతని ముందు వైపుకు, చంక కిందికి దూరినట్టు లోతుగా వెయ్యండి. కాలు పడుతుండగానే రెండు చేతులతో కత్తి దింపినట్టు అతని చేతిని విల్లులా తిప్పి మీ నడుము ముందుకు దించండి. పట్టు బిగించేది ఇప్పుడే, చిటికెన వేలూ ఉంగరపు వేలూ ముందు.
5. కుడి కాలితో ఇంకో అడుగు వేసి, ఉకేను ముఖం మ్యాట్‌ను చూసేలా పడుకోబెట్టండి. ఎడమ మోకాలు అతని చంక దగ్గర పక్కటెముకలకు ఆనేలా ముందు దించండి, తర్వాత కుడి మోకాలు మణికట్టు వైపు. కాలి వేళ్లు మడిచే ఉండాలి. అతని చెయ్యి మొండేనికి 90 డిగ్రీల కన్నా కాస్త ఎక్కువ కోణంలో, తల వైపుగా ఉంటే అతను లేవలేడు.

ఇప్పుడు ఎక్కడ చెడుతుందో చూద్దాం.

ఎక్కువగా చెడేది మూడో మెట్టు దగ్గర. మోచేతిని వదిలేసి మణికట్టును తోస్తారు. మణికట్టు తోస్తే చెయ్యి మడత పడుతుంది, అంతే. ఆ మడతలోంచి మోచెయ్యి తిరిగి మీ పొట్ట మీదికో ముఖం మీదికో వస్తుంది. దగ్గరగా చూస్తే తేడా ఇదీ: సరిగ్గా చేస్తే ఉకే చెయ్యి తలకిందులైన గిన్నె అంచులా గుండ్రంగా ఉంటుంది, చంక తెరుచుకుంటుంది, అతని గడ్డం మీ నుంచి పక్కకు తిరుగుతుంది. తప్పుగా చేస్తే చెయ్యి మోచేతి దగ్గర కోసుగా విరిగినట్టు ఉంటుంది, అతను మిమ్మల్ని సూటిగా చూస్తూనే ఉంటాడు. కళ్లు కలిసే ఉన్నాయంటే కుజుషి రాలేదు. వెనక్కి వెళ్లి మొదటి నుంచి చేయండి, అక్కడి నుంచి బలంతో నెట్టుకురావొద్దు.

దెబ్బను ఢీకొట్టి ఆపడం ఇంకో తప్పు. ముంజేయి మీద నీలం మచ్చలు వస్తున్నాయంటే కారణం ఇదే. చేతులు దెబ్బకు అడ్డంగా వెళ్తున్నాయి, లేదా ఆలస్యంగా లేస్తున్నాయి. కింద నుంచి పైకి, ఉకే చెయ్యి లేచే దారినే పట్టుకుని వెళ్తే తాకిడి మెత్తగా ఉంటుంది.

నాలుగో మెట్టులో నడుము వంచి కిందికి లాగడం కూడా తరచూ కనిపిస్తుంది. మీ తల ఉకే తల కన్నా ముందే కిందికి పోతోందంటే కాలు తగినంత లోతుకు పడలేదు. అడుగు చాలనప్పుడు వెన్ను ఆ లోటు తీర్చబోతుంది, మర్నాడు నడుం నొప్పి వస్తుంది. మోకాళ్లు వంచి దిగండి, వెన్ను నిటారుగా ఉంచండి.

ఇక్కడ పెట్టుకోవాల్సిన పరీక్షలు రెండు. మూడో మెట్టులో బొమ్మలా ఆగిపోయి, ఖాళీగా ఉన్న ఎడమ చేత్తో మీ ముఖాన్ని తాకమని ఉకేను అడగండి. తాకగలిగితే మొండెం తిరగలేదు. నాలుగో మెట్టు చివర ఆగి, మోచెయ్యి పైకెత్తి లేవమనండి. లేవగలిగితే అతని మోచెయ్యి భుజం కన్నా ఎత్తులో ఉండిపోయింది, లేదా మీ నడుముకు దూరంగా ఉంది. ఈ రెండూ ఉకేకు ముందే చెప్పి, నెమ్మదిగా చేయించాలి. చెప్పకుండా పెట్టే పరీక్ష పోట్లాటకు దారితీస్తుంది.

ఉరా, అంటే వెనక వైపు పద్ధతిలో మొదటి మూడు మెట్లూ ఇంచుమించు ఇవే. ఎడమ పాదం ఉకే కుడి పాదానికి బయట, కాస్త వెనగ్గా పడుతుంది. దాని మీద తిరుగుతూ కుడి కాలిని వెనక్కి తిప్పి, ఉకేను మీ చుట్టూ సుడిలా కిందికి దింపుతారు. పాదం అతని ముందే ఆగిపోతే అతని మోకాలు మీ దారికి అడ్డం వస్తుంది. ఉరాలో వచ్చే ఇబ్బందుల్లో చాలాభాగం ఈ ఒక్క పాదం వల్లే.

ఇంట్లో సాధన చేయాలంటే బొక్కెన్, అంటే చెక్క కత్తి పట్టండి. మామూలు బొక్కెన్ పొడవు సుమారు 102 సెంటీమీటర్లు, సీలింగ్ ఫ్యాన్ ఉన్న గదిలో వద్దు, డాబా మీదికి వెళ్లండి. కత్తిని తల మీదికి ఎత్తి దించే షోమెన్ వేటు, ఇక్కియోలో చేతులు లేచి దిగే దారీ ఒకటే. రోజుకు 30 వేట్లు, ప్రతి వేటూ బొడ్డు ఎత్తులో నిశ్చలంగా ఆగేలా. భుజాలు చెవుల వైపు లేస్తుంటే లెక్క తగ్గించండి, వేగం కాదు మనకు కావలసింది.

ఉకే పని

క్లాసులో సగం సమయం మీరు ఉకేనే. ఆ సగం విశ్రాంతి అనుకుంటే సాధన సగం పోయినట్టే. ముందు దాడి నిజంగా ఉండాలి. షోమెనుచి అంటే నుదుటి నడిమధ్యకు గురి. టోరీ కదలకుండా నిలబడితే మీ చెయ్యి అతని నుదుటికి ఒక అంగుళం దూరంలో ఆగాలి. పక్కకు జారిపోయే దెబ్బ కొడితే టోరీ నేర్చుకునేది పక్కకు జారిపోయే ఇక్కియోనే. నెమ్మదిగా కొట్టొచ్చు, తప్పు చోటికి కొట్టకూడదు.

దెబ్బ వేశాక నిలకడ చెదిరే వరకూ మీ నిటారుతనాన్ని కాపాడుకోండి. చెదిరాక దాన్ని ఒప్పుకుని పడండి. రాబోయే టెక్నిక్ ఏమిటో ముందే తెలుసు కాబట్టి దాన్ని అడ్డుకోవడం ఎవరికైనా వస్తుంది. అది నైపుణ్యం కాదు. టోరీ తోయకముందే పడిపోవడం కూడా సాయం కాదు. కొత్తవాళ్లతో చేసేటప్పుడు సెంపాయ్‌లు (సీనియర్లు) ఈ రెండో తప్పే ఎక్కువ చేస్తారు, మొహమాటం కొద్దీ. దాంతో ఆ కొత్త మనిషికి ఏడాది తర్వాత గానీ తన తప్పు తెలియదు.

నొప్పి పరిమితికి వచ్చిందంటే మ్యాట్ మీదో ఎదుటి మనిషి మీదో చేత్తో రెండుసార్లు తట్టండి. తట్టు వినగానే టోరీ ఆపాలి, ఇంకొంచెం చూద్దామనే మాటే లేదు.

షిహోనగే: ఇక్కడ జాగ్రత్త

పేరుకు అర్థం నాలుగు దిక్కుల విసురు. ఉకే తల వెనక భాగం మ్యాట్‌కు కొట్టుకునే ప్రమాదం ఎక్కువగా ఉన్న టెక్నిక్ ఇది. చెయ్యి భుజం వెనక్కి మడిచి ఉండటంతో ఉకే దొర్లి తప్పించుకోలేడు, నేరుగా వెనక్కి పడతాడు.

ఉకే కుడి చేత్తో మీ ఎడమ మణికట్టు పట్టాడనుకోండి. ఎడమ పాదం పక్కకు జరుపుతూ అతని చేతిని ముందుకు చాపి, కుడి చేత్తో అతని మణికట్టు పట్టండి. కుడి కాలు అతని ముందుగా దాటించి, రెండు చేతులూ మీ నుదుటి ముందుకు ఎత్తి, కింద నుంచి తిరిగి, అతని మణికట్టును అతని భుజానికి ఆనించి దించండి. చేతులు నుదుటి ముందే ఉండాలి. తల వెనక్కి పోయాయంటే మీ వెన్నే విల్లులా వంగి, పడేది మీరవుతారు. దించేటప్పుడు అతని మణికట్టు అతని భుజానికి దగ్గరగా ఉండాలి. పక్కకు బారుగా లాగితే భారమంతా మోచేతి కీలు మీదా భుజం మీదా పడుతుంది. ఎదుటిది కొత్త మనిషి అయితే మణికట్టు భుజానికి ఆనిన చోటే ఆగండి, అతను కూర్చుని వెనక్కి వాలే వ్యవధి ఇవ్వండి. ఉకే గడ్డాన్ని ఛాతీకి ఆనించి, చూపు తన బెల్టు ముడి మీద పెట్టాలి. తలకు దెబ్బ తగిలితే, చిన్నదైనా సరే, ఆ రోజుకు సాధన ఆపాలి. తలనొప్పి, వాంతి, మత్తు ఉంటే వెంటనే ఆసుపత్రికి.

నికియో, కొతేగాయెషి గురించి ఒక్క మాట. రెండింటిలోనూ మణికట్టును కుదుపుతో తిప్పొద్దు. కొతేగాయెషిలో బొటనవేలు ఉకే చేతి వెనక, ఉంగరపు వేలి మెటిక దగ్గర ఆనించి, చేతిని అతని ముంజేతి వైపుకే మడిచి, మీ నడుము తిరుగుడుతో దించండి. పక్కకు మెలిపెడితే కీలు దెబ్బతింటుంది గానీ మనిషి పడడు.

విడతలు, వేగం, జతలు

నాలుగుసార్లు చేసి వంతు మార్చుకోవడం చాలాచోట్ల ఉన్న పద్ధతి: కుడి ఎడమ ఒమోతే, కుడి ఎడమ ఉరా. ఒక టెక్నిక్‌కు ఆరేడు నిమిషాలు దొరికితే మీ వంతుకు 15 నుంచి 20 విడతలు వస్తాయి. అన్నిట్నీ ఒకే తీరున ఖర్చు చేయొద్దు. మొదటి నాలుగూ సగం వేగంతో, కాళ్లు ఎటు పడుతున్నాయో చూసుకోవడానికి. తర్వాతి ఎనిమిదింటిలో ఒకే ఒక్క విషయం పట్టుకోండి, ఉదాహరణకు ఉకే మోచెయ్యి చెవి వైపు వెళ్తోందా లేదా. చేతుల పట్టు, చూపు, ఊపిరి అన్నీ ఒకేసారి సరిదిద్దబోతే ఏదీ కుదరదు. మిగిలినవాటిలో వేగం పెంచండి. వేగం పెంచగానే ఆ ఒక్క విషయం చెదిరిపోతే, అది ఇంకా మీ చేతికి రాలేదు, మళ్లీ వేగం తగ్గించాలి.

జత మారినప్పుడల్లా టెక్నిక్ మారినట్టు అనిపిస్తుంది, అది మంచిదే. మీకన్నా పొడవైన ఉకేతో ఇక్కియో చేస్తే చేతులు అందవు, అప్పుడు అడుగు లోతు పెంచాలి. పొట్టి ఉకే అయితే మోకాళ్లు వంచాలి. బిగుసుకుపోయే ఉకేతో కదలడం ముందే మొదలుపెట్టాలి. ఒకే స్నేహితుడితో క్లాసంతా గడిపేవాళ్లకు అతనొక్కడి మీదే పనిచేసే ఐకిడో వస్తుంది.

మాటలు తగ్గించండి. ఉకేగా ఉండి మీరు సరిదిద్దాలనుకుంటే, వాక్యం కన్నా చెయ్యే నయం: అడుగు తప్పు పడినప్పుడు పడకుండా నిలబడి, సరైన వైపు తోసినప్పుడు పడండి. రెండు విడతల్లో అతనికి అర్థమవుతుంది. సెన్సేయ్ పక్కనే ఉన్నప్పుడు పాఠం చెప్పడం ఆయన పని.

చివరి పది నిమిషాలు

క్లాసు చివర సువారి వాజా కోక్యు హో చేయించడం ఆనవాయితీ. ఇద్దరూ సెయిజాలో ఎదురెదురుగా కూర్చుంటారు, ఉకే మీ రెండు మణికట్లూ పట్టుకుంటాడు. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా పెట్టి, వేళ్లు విప్పి, అతని భుజాల వైపు చేతులు చాస్తూ నడుముతో ముందుకు కదలండి. అతని వెన్ను వెనక్కి వాలాక ఒక పక్కకు దించండి. అలసిన భుజాలు ఇక అబద్ధం చెప్పలేవు కాబట్టి దీన్ని చివర్లో పెట్టడం మాకు చాలా నచ్చుతుంది. చేతులు పైకి ఎత్తడానికి తంటాలు పడుతుంటే మీ భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి. ఊపిరి వదిలి, మోచేతులు బరువుగా వదిలేసి, మళ్లీ మొదలుపెట్టండి.

వంగి నమస్కరించి మ్యాట్ దిగాక, చెమట ఆరేలోపే నోటుబుక్కులో మూడు మాటలు రాసుకోండి: టెక్నిక్ పేరు, ఈరోజు పట్టుకున్న ఒక్క విషయం, అది చెడిన చోటు. ‘షోమెనుచి ఇక్కియో ఉరా, ఎడమ పాదం, పొడవైన ఉకేతో చాలలేదు’ అన్నంత చాలు. వచ్చే క్లాసులో తాయ్ నో హెన్కో చేసేటప్పుడు ఆ ఎడమ పాదాన్నే గమనిస్తూ మొదలుపెట్టండి.